ఉప్పుదేరిన నేలలో సూక్ష్మజీవులను తిరిగి బలపరచడం

ముందుగా నేలను పరీక్షించాలి. సంతృప్త మట్టి సారంలో, అంటే నీటితో పూర్తిగా తడిపిన మట్టి నుంచి తీసిన ద్రవంలో, లవణాల మోతాదును సూచించే విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే అది పాల చౌడు. మట్టి రేణువులకు అంటుకుని ఉండే, మార్పిడి చెందే సోడియం 15 శాతం మించితే కారు చౌడు. రెండింటికీ చికిత్స వేరు కనుక ఈ తేడా తెలియకుండా పని మొదలుపెట్టకూడదు.

ఉప్పు పెరిగినప్పుడు సూక్ష్మజీవి కణంలోని నీరు బయటకు లాగబడుతుంది. దానిని నిలుపుకోవడానికి బాక్టీరియా ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్, ట్రెహలోజ్ వంటి పదార్థాలను కూడబెట్టుకుంటుంది. వీటి తయారీకి ఎంతో శక్తి ఖర్చవుతుంది కాబట్టి, తిండి దొరకని సూక్ష్మజీవి ఉప్పును ఎక్కువ కాలం తట్టుకోలేదు. అందుకే సేంద్రియ పదార్థం అందించడమే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన పని అని నా దృఢమైన అభిప్రాయం. బాగా చివికిన కంపోస్టు వేయాలి, లేదా చౌడును తట్టుకునే జీలుగను పెంచి కలియదున్నాలి. పశువుల ఎరువులోనూ లవణాలు ఉండవచ్చు గనుక దానిని పరీక్షించి వాడటం మంచిది.

పాల చౌడులో మురుగు కాలువలు ఏర్పరచి, మంచినీటితో లవణాలను వేళ్ల లోతు కిందికి దించాలి. కారు చౌడులో ముందు కాల్షియం ఉండే జిప్సం వేసి నీరు పెట్టాలి; అప్పుడు సోడియం స్థానంలోకి కాల్షియం చేరి, విడిపోయిన సోడియం నీటితో కిందికి దిగుతుంది. ఆ తరువాత నేలను పూర్తిగా ఎండనివ్వకూడదు, ఎందుకంటే తేమ తగ్గే కొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు గాఢత పెరుగుతుంది.

ఉప్పు తగ్గాక నేల శ్వాసక్రియ, అంటే నేలలోని జీవులు కార్బన్ డయాక్సైడ్‌ను వదలడం, సాధారణంగా తొందరగానే పుంజుకుంటుంది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా కోలుకోవడానికి మాత్రం ఎక్కువ సమయం పట్టవచ్చు కాబట్టి, అప్పటివరకు నత్రజనిని చిన్న మోతాదుల్లో విడతలుగా వేయాలి.