పాత ఓపెన్ వైఫైని ఖాళీ చేయించడం ఎలా

విశాఖలో సిరిపురం వైపు ఒక హాల్లో ఏటా రెండు రోజుల టెక్ సదస్సు పెడతాం. వైఫై బాధ్యత నాది. చాలాకాలం అక్కడ రెండు నెట్‌వర్కులు నడిపాం: పాస్‌వర్డ్ ఉన్నది ఒకటి, లేనిది, అంటే ఓపెన్‌ది ఒకటి. రెండోది ‘పాత ఫోన్ల కోసం’ అనుకున్నాం. ఓసారి లిస్టు తీసి చూస్తే సగానికి పైగా జనం దాంట్లోనే ఉన్నారు. ఊరికే దొరుకుతుంటే పాస్‌వర్డ్ ఎవడు కొడతాడు?

అలాంటి నెట్‌వర్క్‌లో హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని గుప్తంగా పంపే) సైట్ల లోపలి సంగతి దాగినా, మీరు ఏ సైట్‌కి వెళ్తున్నారో పక్క వరసలో ల్యాప్‌టాప్ పట్టుకున్నవాడు చాలావరకు చూడగలడు.

ముందు ఆ ‘పాత ఫోన్లు’ అన్న సాకు వదిలేయండి. 2006 మార్చి నుంచి వైఫై సర్టిఫికేషన్ కావాలంటే కొత్త పరికరంలో డబ్ల్యూపీఏ2 (వైఫైలో వెళ్లేదాన్ని పాస్‌వర్డ్‌తో గుప్తంగా ఉంచే పద్ధతి) ఉండాల్సిందే. గాజువాక నుంచి వచ్చిన ఒక మాస్టారు ‘నాది ముసలి ఫోను బాబూ, నన్ను ఇందులోనే ఉండనీ’ అన్నారు. అద్దం పగిలిన ఆండ్రాయిడ్. క్యూఆర్ స్కాన్ అవ్వలేదు, పాస్‌వర్డ్ కొట్టాను. వెంటనే కలిసింది. ‘ఏటి, ఇంతేనా?’ అన్నారు. నిజంగా మొరాయించింది రిజిస్ట్రేషన్ కౌంటర్లో బ్యాడ్జీల ప్రింటర్ ఒక్కటే. దానికి కేబుల్ లాగేశాం.

పాస్‌వర్డ్ ఉండే కొత్త నెట్‌వర్క్‌ని డబ్ల్యూపీఏ2, దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 రెండూ ఒప్పుకునే మోడ్‌లో పెట్టండి. పాస్‌వర్డ్‌లో చిన్న అక్షరాలు, అంకెలు చాలు. దాన్నీ, క్యూఆర్ కోడ్‌నీ బ్యాడ్జి వెనక అచ్చు వేయించండి. స్టేజి మీద స్లైడ్ చివరి వరసకి కనపడదు. ఒకటి గుర్తుంచుకోండి: అందరిదీ ఒకే పాస్‌వర్డ్ కాబట్టి, డబ్ల్యూపీఏ2లో ఉన్నవాళ్ల ఫోను కనెక్టయ్యే క్షణాన్ని పట్టుకున్నవాడు ఆ ట్రాఫిక్ విప్పగలడు. డబ్ల్యూపీఏ3లో ఆ పప్పులుడకవు.

అసలు కిటుకు పేరులో ఉంది. ఫోన్లు నిరుడు సేవ్ చేసుకున్న పేరు కనిపిస్తే అడగకుండానే ఎక్కేస్తాయి. అందుకే సదస్సు ముందురోజు రాత్రే ఓపెన్‌దాని పేరు మార్చేయండి. మేము ‘పాతది, రక్షణ లేదు’ అని అర్థమయ్యే పేరు పెట్టి, సదస్సు పేరు కొత్తదానికి ఇచ్చాం. పొద్దున్న అందరూ లిస్టు తెరిచి చూసుకోక తప్పలేదు. పాతదాన్ని నెమ్మదిగా ఉండే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కే పరిమితం చేసి, మనిషికి 1 ఎంబీపీఎస్ ఇచ్చాం. వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, వీడియో గింగిరాలు తిరుగుతుంది. టీ బ్రేక్‌కల్లా చాలామంది వాళ్లంతట వాళ్లే మారిపోయారు. ‘దయచేసి మారండి’ అనే లాగిన్ పేజీ మాత్రం పెట్టకండి. నేను పెట్టి చూశాను. పేజీ రాక కొందరు, వచ్చింది మూసేసి కొందరు, అందరూ కలిసి ‘నెట్ లేదు’ అంటూ నా మీద పడ్డారు.

ఆపడం రెండో రోజు భోజనాల టైంలో. ఒక ఏడాది మధ్యాహ్నం సెషన్ నడుస్తుండగా ఆపేశాను. స్టేజి మీదున్న ఆయన ల్యాప్‌టాప్ అందులోనే ఉంది, డెమో అక్కడే చచ్చింది. తప్పు నాదే. ఇప్పుడు స్పీకర్ల ల్యాప్‌టాప్‌లన్నీ పొద్దున్నే నేనే మార్చిస్తాను.

ఆపాక సెట్టింగుల్లోంచి కూడా తీసేసి, కొత్త బ్యాకప్ తీసుకోండి. మావాళ్లు పాత బ్యాకప్ ఎక్కించిన ఏడాది తలుపులు తీసేసరికి ఆ ఓపెన్ నెట్‌వర్క్ మళ్లీ లిస్టులో ఉంది.