కారు నావిగేషన్‌లో చిరునామా కొట్టే ముందు

దూర ప్రయాణమైనా, అలవాటు లేని అద్దె కారైనా, బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• జాబితాలో ఊరి పేరు కనబడగానే నొక్కేయకండి. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటాయి. పారిస్ అమెరికాలోని టెక్సాస్‌లోనూ ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న జిల్లా, రాష్ట్రం చదవండి. ఆపైన మొత్తం దూరం చూడండి. 40 కిలోమీటర్లు ఉండాల్సింది 400 అని చూపితే తప్పు అక్కడే దొరుకుతుంది.

• బండి ఆగి ఉండగానే టైపు చేయండి. చాలా కార్లలో చక్రం కదిలితే కీబోర్డు పనిచేయదు. అది మంచికే.

• కావలసిన అక్షరం మసకబారి, నొక్కినా పలకడం లేదా? తెర పాడైందనుకోకండి. కొన్ని వ్యవస్థలు తమ మ్యాపులో ఉన్న పేర్లకు సరిపడే అక్షరాలనే వెలిగిస్తాయి. పైన ఎంచుకున్న దేశమో ఊరో తప్పై ఉండవచ్చు, లేదా స్పెల్లింగ్ వేరై ఉండవచ్చు. మ్యాపు పాతదైతే కొత్త వీధి అసలు దొరకదు.

• కీబోర్డు అమరిక సెట్టింగుల్లో చూడండి. జర్మన్ అమరికలో వై, జెడ్ తారుమారు. ఫ్రెంచిలో ఏ, క్యూ. వేళ్లు అలవాటుగా పోతాయి, కళ్లు గమనించవు.

• అక్షాంశ రేఖాంశాలు ఇస్తుంటే అక్షాంశమే ముందు. 17.30 డిగ్రీలు, 17 డిగ్రీల 30 నిమిషాలు ఒకటి కావు. అక్షాంశంలో ఆ తేడా దాదాపు 22 కిలోమీటర్లు.