కిలవేయా శిఖరం నుంచి సముద్రం దాకా: హవాయి పోయే నల్లగొండ, పాలమూరు అమ్మానాన్నలకు ఒక రోజు దారి

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయినవాళ్లు హవాయి దాకా వెళ్తే, బిగ్ ఐలాండ్ అనే దీవిలో, కిలవేయా అగ్నిపర్వతం ఉన్న హవాయి వాల్కనోస్ నేషనల్ పార్కుకు పూర్తిగా ఒక రోజు పెట్టుకోవాలి. సగం రోజులో చుట్టేద్దామనుకుంటే పైనున్న అడవి ఒక్కటే చూసి వెనక్కి రావలసి వస్తుంది. నల్లని లావా రాయి సముద్రంలోకి తెగిపడే ఒడ్డు కింద 30 కిలోమీటర్ల దూరాన మిగిలిపోతుంది.

బస ఎక్కడన్నది ముందు తేల్చుకోవాలి. హిలో ఊరి నుంచి పార్కు 30 మైళ్లు, ముప్పావు గంట ప్రయాణం. కోనా నుంచి 96 మైళ్లు, రెండు గంటలు దాటుతుంది. పెద్దవాళ్లతో పోతే ముందురోజు రాత్రి హిలోలోనో, పార్కు పక్కనున్న వాల్కనో ఊరిలోనో ఉండడం మంచిది. పార్కు రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. ఒక కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి. బయలుదేరే రోజు పొద్దున పార్కు వెబ్‌సైటులో ఏ దారులు మూసి ఉన్నాయో చూడాలి. అగ్నిపర్వతం కదలికను బట్టి అవి మారుతుంటాయి.

బట్టల దగ్గరే చాలామంది పొరబడతారు. హవాయి అంటే ఎండ అనుకొని పలుచని బట్టలతో పోతారు. కిలవేయా శిఖరం దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. ఒడ్డుకన్నా అక్కడ ఏడెనిమిది డిగ్రీలు తక్కువ. తూర్పు గాలులు మేఘాలను కొండకు నెట్టడంతో వాన ఎప్పుడైనా పడుతుంది. హిలోలో ఏడాదికి పడే వాన మన నల్లగొండ వానకు నాలుగు రెట్లకు పైనే. అందుకే స్వెట్టరు, వాన కోటు, టోపీ మూడూ కారులో ఉండాలి. చెప్పులతో పోవద్దు. చల్లారిన లావా అంచులు గాజు పెంకులంత పదును, తూలి చేయి ఆనించినా తెగుతుంది. ముందు మూసిన బూట్లు, కాళ్లు కప్పే సల్వార్ లేదా ప్యాంటు వేసుకోవాలి. చీర కుచ్చిళ్లు ఆ రాళ్లకు పట్టుకుంటాయి.

ఆయాసం, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు గంధకం ఆవిరి వచ్చే చోట్ల ఆగకూడదు. సల్ఫర్ డయాక్సైడ్ వాసన తగలగానే కారు అద్దాలు మూసి, బయటి గాలి లోపలికి రాకుండా ఏసీ పెట్టి, గాలి ఎటు నుంచి వీస్తుందో అటువైపు జరగాలి. ఇన్హేలర్ డిక్కీలోని పెట్టెలో కాదు, జేబులో ఉండాలి.

పొద్దున తొమ్మిదికి ముందే నాహుకు లావా గుహ చేరాలి. పది దాటితే కారు నిలపడానికి జాగా దొరకదు. పైన గట్టిపడిన లావా కప్పులా నిలిచి, లోపలి లావా పారిపోగా మిగిలిన సొరంగం ఇది. చుట్టూ తాటిచెట్టులాగ నిలబడ్డ ఫెర్నులు, మోదుగ పూల ఎరుపుతో పూసే ఓహియా చెట్లు. ఆ ఓహియాలను ఒక శిలీంధ్రం పెద్ద ఎత్తున చంపుతోంది. బూట్ల మట్టితో అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుంది. కాలిబాట మొదట్లో బ్రష్ పెట్టి ఉంటే బూట్ల అడుగు మట్టి రాల్చి, పక్కనున్న మందు కొట్టి నడవండి. రెండు నిమిషాల పని. ఆ అడవి మీద ప్రేమ ఉన్నవాళ్లు తప్పకుండా చేయాలి.

మోకాళ్లు బాగుంటే కిలవేయా ఇకి అనే బిలంలోకి దిగే దారి పట్టవచ్చు. 3.3 మైళ్ల చుట్టు, 400 అడుగులు దిగి మళ్లీ ఎక్కాలి, రెండు మూడు గంటలు. 1959లో 1,900 అడుగుల ఎత్తుకు లావా చిమ్మిన చోటి అడుగున నడుస్తారు. దారి చూపే రాతి కుప్పలను కదిలించవద్దు, మంచు కమ్మితే అవే గుర్తు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు డెవస్టేషన్ బాట చాలు. చదునుగా, సాఫీగా ఉంటుంది, పోను అర మైలు, రాను అర మైలు.

మధ్యాహ్నం రెండు గంటలకు చైన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు దిగడం మొదలుపెట్టాలి. నడిమి ఎండ తగ్గుతుంది, చీకటికి ముందే పైకి రావచ్చు. 18.8 మైళ్లలో 3,700 అడుగులు దిగే ఈ రోడ్డు మీద తిండి, నీళ్లు, పెట్రోలు ఏవీ దొరకవు. ట్యాంకు నింపుకొని, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పెట్టుకొని దిగాలి. ఫోను సిగ్నల్ కూడా సరిగా అందదు, మ్యాపు ముందే దించుకోండి. దిగేటప్పుడు చిన్న గేరు వేయాలి. బ్రేకు తొక్కుతూనే ఉంటే అది వేడెక్కి పట్టు వదులుతుంది. సద్దికి పులిహోర, చపాతీలు పనికొస్తాయి. ఎండలో నిలిపిన కారులో పెరుగన్నం పులుస్తుంది.

దారిలో కనపడేదంతా ఒకే రాయి, రెండు రూపాలు. మోకులు పేనినట్టు మడతలు పడింది పాహోయిహోయి, చిట్టెపు ముక్కల్లా గరుకుగా ఉన్నది ఆఆ. మన నల్లగొండ గుట్టల గ్రానైటు వయసు 250 కోట్ల ఏండ్లు. ఇక్కడ మౌనా ఉలు దగ్గర తొక్కే రాయి 1969, 1974 మధ్య పుట్టింది. పూ లోవా దగ్గర బండల మీద 23,000కు పైగా పాత చెక్కడాలున్నాయి. పోను రాను 1.4 మైళ్ల నడక, నీడ ఉండదు. చెక్కల బాట దిగవద్దు, గీతలను తాకవద్దు.

రోడ్డు చివర దాదాపు 90 అడుగుల హోలెయి రాతి తోరణం. లావా అంచును అలలు తొలచి చేసింది. ఇక్కడ స్నానం లేదు, దిగే దారి లేదు. అంచు కింద బోలుగా ఉండి చెప్పకుండా విరిగిపడుతుంది, తాడు దాటి ఫొటో దిగవద్దు. ఈ రోడ్డు ఒకప్పుడు ఇంకా ముందుకు పోయేది. 1983లో మొదలై 2018 దాకా సాగిన విస్ఫోటనంలో లావా దాన్ని పూడ్చేసింది.

చీకటి పడేసరికి పైకి వచ్చి హలెమావుమావు బిలం కనిపించే చోట ఆగండి. 2024 డిసెంబరు 23 నుంచి అక్కడ లావా విడతలు విడతలుగా చిమ్మడం మొదలైంది. విడతకూ విడతకూ నడుమ రోజులు, వారాలు ఖాళీ ఉంటుంది. ఎర్రని వెలుగు తప్పక కనిపిస్తుందని పిల్లలకు మాటివ్వవద్దు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ కెమెరాలు ఫోనులో చూసి పోవచ్చు. టార్చి ఒక్కొక్కరికి ఒకటి ఉండాలి.

ఆ బిలం హవాయి వాసులకు పెలే అమ్మవారి ఇల్లు. మన గుట్ట మైసమ్మ మీద మనకుండే భయభక్తులే వాళ్లకూ ఉంటాయి. చేతులు జోడించండి, కొబ్బరికాయ కొట్టడం, కర్పూరం వెలిగించడం మాత్రం వద్దు. అక్కడి నుంచి ఒక్క గులకరాయి కూడా తేవద్దు, చట్టం ఒప్పదు. ‘నేనే’ అని పేరున్న హవాయి బాతు రోడ్డు మీదికి వస్తుంది, దానికి అటుకులు, చపాతీ ముక్కలు వేయకండి. తిండికి అలవాటుపడి కార్ల కింద పడేది ఇలాగే.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో సంచులను వ్యవసాయ తనిఖీకి పెడతారు. సంతలో కొన్న జామకాయలు అక్కడే ఆపేస్తారు, అనాసపండు, కొబ్బరికాయ వదులుతారు.