ఎండిన మందారం, బోడిగా మారిన పచ్చిక: కొత్తవి కొనకుండా బతికించుకోవడం ఎలా?

మందారం ఎండినట్టు కనిపించగానే పీకేయకండి. ముందు గోరుతో కొమ్మ బెరడు కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పొడిగా, గోధుమ రంగులో ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్లీ గీకండి. శ్రీకాకుళంలో మా ప్రహరీ పక్కనున్న నూరువరహాల చెట్టుకి మొదలు దగ్గర జానెడు మేరే పచ్చదనం మిగిలింది, ఇప్పుడది నా నడుము దాటింది.

ఎరువు కొనే ముందు మట్టి తవ్వి చూడండి, నా అనుభవంలో సగం జబ్బు అక్కడే ఉంటుంది. ఇల్లు కట్టాక మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు గోడ వారనే పూడ్చేసి పైన మొక్క నాటేస్తారు. సిమెంటులోని సున్నం వల్ల, మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లు దాన్ని తీసుకోలేవు. లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే అదే గుర్తు. పెళ్లలు ఏరేసి, ఎరువుల కొట్లో దొరికే అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్) లీటరు నీళ్లకు 5 గ్రాములు కలిపి, కాస్త నిమ్మరసం పిండి, ఎండ తగ్గాక ఆకుల మీద కొట్టండి, వారానికోసారి రెండు మూడు సార్లు. గోడ మీద, టైల్స్ మీద పడనివ్వకండి, తుప్పు మరక పోదు.

ఎండు కొమ్మలు ఎప్పుడైనా కోయొచ్చు. పచ్చి కొమ్మల జోలికి మాత్రం ఏప్రిల్, మే నెలల్లో వెళ్లొద్దు, జూన్‌లో వానలు పడి చల్లబడ్డాక మూడో వంతు వరకు కత్తిరించండి. మల్లెకు ఈ లెక్క వర్తించదు, దాన్ని చలికాలంలో కత్తిరించాలి.

తర్వాత కొమ్మల కొసలు ఎంతవరకు పరుచుకున్నాయో అంతమేర చుట్టూ నాలుగు అంగుళాల లోతు గాడి తీసి, బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) ఒక గంప, వేపపిండి ఒక గుప్పెడు వేసి మట్టి కప్పండి. పచ్చి పేడ వద్దు, వేళ్లు దెబ్బతింటాయి. పైన ఎండుటాకులో కొబ్బరి పీచో పరవండి, కొబ్బరితోటల ఉద్దానం పక్కనే ఉన్న మనకి పీచుకేం కరువు! కాండానికి మాత్రం తగలనివ్వకండి. కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లవాళ్లు తుపాను గాలి తగ్గగానే ఆకుల మీద ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగండి.

ఇక పచ్చిక. బోడి మచ్చల మీద గింజలు చల్లితే డబ్బు దండగ, మన ఎర్రనేల తొక్కిడికి బండలా బిగిసిపోతుంది. గునపంతో మూడు అంగుళాలు గుల్ల చేసి, రాళ్లు ఏరి, జల్లించిన గత్తం కలపండి. పొలం గట్టు మీద గరిక అడిగితే ఏ రైతూ కాదనడు, అది ఆయనకి కలుపే కదా. తెచ్చాక ఒక్కో వేరూ చూడండి, తుంగ గడ్డ ఒక్కటి వచ్చినా ఏళ్ల తరబడి పీకుతూనే ఉండాలి. రెండు మూడు కణుపులుండే ముక్కలుగా తుంచి, ఒక కణుపు పైకి ఉండేలా మూడేసి అంగుళాల దూరంలో నాటి, కాలితో అదమండి. వాన లేకపోతే పదిహేను రోజులు రోజూ తడపండి, నెల వరకు ఎవర్నీ తొక్కనివ్వకండి. మూడు అంగుళాలు పెరిగాక కొసలు మాత్రమే కోయండి.

మామిడి చెట్టు కింద మాత్రం గరిక కోసం కష్టపడొద్దు, దానికి ఎండ కావాలి. ఆ నీడలో నాలుగు పచ్చి పసుపు కొమ్ములు పాతండి, ఆ నేల పచ్చగానూ ఉంటుంది, సంక్రాంతి దాటాక ఇంట్లోకి పసుపూ వస్తుంది.