పుట్టింటి నుంచి అత్తారింటికి వెళ్లినా పసిబిడ్డ టీకాలు తప్పకుండా వేయించడం ఎలా?

మన గోదావరి జిల్లాల్లో తొలి కాన్పు అంటే పుట్టింట్లోనే. అమ్మాయి నెలలు నిండకముందే పుట్టింటికి వస్తుంది, అక్కడే పురుడు పోసుకుంటుంది, మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసుకుని బిడ్డతో అత్తారింటికి వెళ్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే బిడ్డకు వరసగా టీకాలు పడాలి. ఇక్కడి ఆశా వర్కర్ ‘వాళ్లు వెళ్లిపోయారు కదా, అక్కడ వేయించుకుంటారులే’ అనుకుంటుంది. అక్కడి ఆశా వర్కర్‌కి ఊళ్లోకి కొత్తగా ఒక పసిబిడ్డ వచ్చినట్టే తెలియదు. ఈ సందులో మూడున్నర నెలల డోసు జారిపోతుంది. టీకాలంటే గిట్టక మానేసేవాళ్ల సంగతి వేరు. వేయించాలనే మనసుండి కూడా ఊరు మారడం వల్ల తప్పిపోతుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. కొంచెం ముందుచూపు ఉంటే ఒక్క డోసు కూడా పోదు.

1. ఆసుపత్రి గడప దాటకముందే మూడు అడగండి

పుట్టిన బిడ్డకు మూడు పడాలి: బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి ఇంజెక్షన్. ఇందులో హెపటైటిస్ బి పుట్టిన 24 గంటల లోపే వేయాలి. తల్లి ఒంట్లో ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలో బిడ్డకు సోకే ప్రమాదం ఉంటుంది, దాన్ని ఆపడానికే ఇంత తొందర. పుట్టినప్పటి పోలియో చుక్కలకు 15 రోజుల వరకు గడువు ఉంది. టీబీ రాకుండా వేసే బీసీజీ పుట్టగానే వేయించడం మంచిది, కుదరకపోతే ఏడాది నిండేలోపు వేయించవచ్చు.

ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తే అందరి ధ్యాసా తల్లి కుట్ల మీదే ఉంటుంది. అందుకని ఆ రోజు ఈ పని తండ్రి గాని అమ్మమ్మ గాని నెత్తిన వేసుకోవాలి. డిశ్చార్జి కాగితాలు చేతికిచ్చేటప్పుడు, ‘సిస్టర్ గారూ, బాబుకి పుట్టినప్పటి టీకాలు మూడూ వేశారాండి? తేదీలు రాసివ్వండి’ అని అడగండి. మాటతో సరిపెట్టుకోవద్దు, తేదీతో సహా కాగితం మీద ఉండాలి.

బీసీజీ ఎడమ భుజం మీద వేస్తారు. రెండు మూడు వారాలకు అక్కడ చిన్న గడ్డలా లేచి, తర్వాత పుండై, రసి కారి, దానంతట అదే మాని మచ్చ పడుతుంది. పసుపు, నూనె, ఆయింట్‌మెంటు ఏవీ రాయకండి. ఒకవేళ మచ్చ పడకపోయినా మళ్లీ వేయించాల్సిన పనిలేదు.

2. తేదీలు లెక్కగట్టి క్యాలెండర్ మీద రాయండి

తర్వాతి టీకాలు 6 వారాలకు, 10 వారాలకు, 14 వారాలకు. ఊళ్లో టీకాలు వేసే నర్సమ్మలు, అంటే మన ఏఎన్ఎంలు, ఒకటిన్నర నెల, రెండున్నర నెలలు, మూడున్నర నెలలు అని చెప్పేది వీటినే. కచ్చితంగా కావాలంటే 42, 70, 98 రోజులు. 6 వారాలు నిండకముందు వేయరు, డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 వారాల ఎడం ఉండాలి.

మన రాష్ట్రంలో టీకాలు ఎక్కువగా బుధవారం, శనివారం వేస్తారు. పాప మంగళవారం పుట్టిందనుకోండి. ఆరు వారాలకు 42వ రోజు కూడా మంగళవారమే అవుతుంది. మర్నాడు బుధవారం, 43వ రోజు, మొదటి డోసు. అక్కడి నుంచి ప్రతి నాలుగో బుధవారం, అంటే 71వ రోజు, 99వ రోజు. ఈ మూడు బుధవారాలకూ గోడ క్యాలెండర్ మీద సున్నా చుట్టేయండి. మంచిరోజు చూసి అత్తారింటికి పంపే ముహూర్తం ఆ మూడో సున్నాకు ఇవతల పడుతుందో అవతల పడుతుందో అప్పుడే తెలిసిపోతుంది. ఇవతల పడితే మూడో డోసు అత్తారింట్లో వేయించాలని ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఇంకో నాలుగు రోజులు ఆగి డోసు వేయించాకే పంపడం ఇంకా మేలు. దీనికి పెద్దవాళ్లు కాదనరు, ముందే చెబితే.

ఈ మూడు విడతల్లోనూ పెంటావాలెంట్ ఇంజెక్షన్, పోలియో చుక్కలు, రోటా వైరస్ టీకా ఉంటాయి. పెంటా అంటే ఒక్క సూదితో అయిదు జబ్బులకు అడ్డుకట్ట: కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బాక్టీరియా వల్ల వచ్చే నిమోనియా, మెదడు పొరల వాపు. రోటా టీకా నోట్లోనే వేస్తారు, పసిపిల్లల్ని పీల్చి పిప్పి చేసే నీళ్ల విరేచనాల నుంచి కాపాడుతుంది. 2016లో ప్రభుత్వ టీకాల్లోకి దీన్ని తెచ్చినప్పుడు దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. వీటితో పాటు ఒకటిన్నర నెలకు, మూడున్నర నెలలకు పోలియో ఇంజెక్షన్, నిమోనియా రాకుండా పీసీవీ కూడా వేస్తారు.

అంటే ఒకటిన్నర నెల బిడ్డకు ఒకే రోజు మూడు సూదులు: ఎడమ తొడకు పెంటా, కుడి తొడకు పీసీవీ, కుడి భుజం చర్మంలోకి పోలియో. అమ్మమ్మలకు ఇది చూస్తే గుండె తరుక్కుపోతుంది, ‘ఒకటి ఇప్పుడు వేసి మిగతావి వచ్చే వారం వేయండమ్మా’ అంటారు. వాయిదా వేయించకండి. ఒకేసారి వేసినంత మాత్రాన బిడ్డకు హాని లేదు. విడదీస్తే బిడ్డ మూడు వారాలు ఏడవాలి, మధ్యలో ఏదో ఒకటి మరుపున పడుతుంది.

3. టీకా రోజు

పొద్దున్నే బిడ్డకు కడుపునిండా పాలిచ్చి తీసుకెళ్లండి. తొడలు, భుజాలు సులువుగా బయటకు తీసే వదులు బట్టలు వేయండి. పోలియో చుక్కలు వేశాక అరగంట పాలు ఇవ్వకూడదన్న మాట ఇంకా చెబుతుంటారు. అలాంటి నియమం లేదు, చుక్కలకు ముందూ తర్వాతా కూడా పాలు ఇవ్వచ్చు. సూది వేస్తున్నప్పుడు రొమ్ము పట్టిస్తే బిడ్డ తొందరగా ఊరుకుంటుంది.

కొద్దిగా జలుబు, దగ్గు, రెండు విరేచనాలు ఉన్నంత మాత్రాన టీకా ఆపక్కర్లేదు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకూ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకూ మామూలుగా పుట్టిన తేదీ నుంచే లెక్క. జ్వరం ఎక్కువగా ఉన్నా, బిడ్డ బాగా జబ్బుపడి ఉన్నా ముందు డాక్టరుకు చూపించండి. గతంలో టీకా వేశాక ఫిట్స్ రావడం, ఒళ్లంతా దద్దుర్లెక్కి ఊపిరాడకపోవడం లాంటివి జరిగినా, బిడ్డకు పేగులోకి పేగు చొచ్చుకుపోయే జబ్బు వచ్చి ఉన్నా, పుట్టుకతో రోగనిరోధక లోపం ఉన్నా సూది తీసేలోపే ఏఎన్ఎంకి చెప్పాలి.

టీకా సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది, దాని లోపల ఒక చదరపు గడి. ఎండవేడికి టీకా చెడేకొద్దీ ఆ గడి నల్లబడుతూ వస్తుంది. లోపలి గడి చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటే టీకా పనికొస్తుంది, సమానంగా గాని ముదురుగా గాని మారితే పనికిరాదు. మే నెల ఎండల్లో ‘ఒకసారి గుర్తు చూపిస్తారాండి?’ అని మర్యాదగా అడగండి. బాధ్యత తెలిసిన ఏఎన్ఎం ఎవరూ ఏమీ అనుకోరు.

వేశాక అరగంట అక్కడే కూర్చోండి. అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ చాలావరకు ఆ కాసేపట్లోనే బయటపడుతుంది. లేచేముందు నాలుగు విషయాలు తెలుసుకోండి: ఈ రోజు ఏం వేశారు, ఇంటికెళ్లాక ఏం రావచ్చు, వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి. ఆఖరి దాని జవాబు కార్డులో తేదీగా రాయించండి.

4. ఆ రాత్రి

పెంటా పడిన రాత్రి చాలామంది పిల్లలకు ఒళ్లు వెచ్చబడుతుంది, తొడ కాస్త వాచి ఎర్రబడుతుంది, చిరాగ్గా ఏడుస్తారు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. టెన్షన్ పడకండి. తరచూ పాలివ్వండి, పల్చటి బట్టలు వేయండి. వాచిన చోట చల్లటి నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ వేయొచ్చు. ఉప్పు కాపడం, వేడి కాపడం, నూనె మర్దన వద్దు.

పారాసెటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. పైగా చుక్కల మందు, సిరప్ ఒకే గాఢతలో ఉండవు. చుక్కల మందు మామూలుగా చాలా చిక్కన, దాన్ని సిరప్ లెక్కన పోస్తే మోతాదు మించిపోతుంది. అక్క కొడుక్కి వాడిన సీసా ఇంట్లో ఉంది కదా అని అంచనాగా పోయొద్దు. మీ దగ్గరున్న సీసా తీసుకెళ్లి ఏఎన్ఎంకి చూపించి, ఎన్ని చుక్కలో లేదా ఎన్ని ఎం.ఎల్.లో రాయించుకోండి.

మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ తోటకూర కాడలా వేలాడిపోయినా, పాలు తాగడం మానేసినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, ముఖం వాచినా, ఒళ్లు కాలిపోతున్నా ఇంట్లో చూస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

5. ఊరు మారేటప్పుడు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

టీకాల కార్డు బిడ్డ బట్టల సంచిలో కాదు, తల్లి చేతి సంచిలో ఉండాలి. సారె, బుట్టలు, ఊయల అన్నీ సర్దే హడావుడిలో ఆ కార్డు పుట్టింట్లో బీరువా మీదే ఉండిపోతుంది. బయల్దేరే ముందు కార్డులో రెండు వైపులా, టీకాల పేజీతో సహా ఫొటోలు తీసి తండ్రి ఫోన్‌కీ, అమ్మమ్మ ఫోన్‌కీ పంపండి. పుట్టింటి ఏఎన్ఎంకి ‘ఫలానా మండలం, ఫలానా ఊరు వెళ్తున్నామండి’ అని చెప్పి, ఆవిడ నంబరు రాసుకోండి. ప్రభుత్వం టీకాల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించే యూ-విన్‌లో బిడ్డ పేరు నమోదైందో లేదో, ఏ ఫోన్ నంబరుతో నమోదైందో అడగండి. అందులో ఎక్కించిన డోసులు దేశంలో ఎక్కడైనా కనిపిస్తాయి. చాలాసార్లు అక్కడ తాతయ్య నంబరు ఇచ్చి ఉంటారు. మెసేజ్‌లు ఆయన ఫోన్‌కి వస్తే ఎవరూ చూడరు, తల్లి నంబరు పెట్టించండి.

అత్తారింటికి చేరిన వారంలోపు అక్కడి ఏఎన్ఎంకి గాని ఆశా వర్కర్‌కి గాని కార్డు చూపించి బిడ్డ పేరు రాయించాలి. ఇది నాయనమ్మకు అప్పగిస్తే పని జరుగుతుంది, ఊళ్లో ఎవరు ఏ వీధిలో ఉంటారో కొత్త కోడలి కంటే ఆవిడకే తెలుసు. ‘మా ఊరి బిడ్డ కాదు, పుట్టిన ఊళ్లోనే వేయించుకోండి’ అని ఎవరైనా అన్నా వెనక్కి రాకండి. ప్రభుత్వ టీకా ఏ ఊళ్లోనైనా ఉచితమే. ఆధార్ లేదనో, రేషన్ కార్డు వేరే జిల్లాదనో ఆపడానికి వీల్లేదు. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు గారికి చెప్పండి.

లంక గ్రామాలవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే కోటిపల్లి, సఖినేటిపల్లి లాంటి రేవుల్లో పంటు (జనాన్నీ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక వినబడిందంటే, ఆ వారం డోసు ఉన్నవాళ్లు బుధవారం కోసం చూడకుండా ముందుగానే ఏఎన్ఎంకి ఫోన్ చేయాలి, గడువు నిండి ఉంటే రేవు ఆగకముందే వేయించుకోవచ్చు. పునరావాస కేంద్రానికి వెళ్లాల్సి వస్తే కార్డు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకెళ్లండి. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కునే పనిలో పడి మరిచిపోకుండా మొదటి టీకా రోజునే వెళ్లండి.

తల్లి కువైట్‌కో దుబాయ్‌కో వెళ్లి బిడ్డ అమ్మమ్మ దగ్గరే పెరిగే ఇళ్లు కోనసీమలో తక్కువేమీ కాదు. అలాంటప్పుడు తర్వాతి తేదీని తల్లి తన ఫోన్‌లో అలారంగా పెట్టుకుని, ముందు రోజు వీడియో కాల్‌లో గుర్తు చేస్తే అమ్మమ్మకు పెద్ద ఆసరా.

6. తొమ్మిదో నెల నుంచి అయిదేళ్ల దాకా

మూడున్నర నెలలయ్యాక తొమ్మిది నెలలు నిండేదాకా సూదులు లేవు, అందుకే తొమ్మిదో నెల విడత మరుపున పడుతుంది. తొమ్మిది నెలలు నిండగానే ఏడాదిలోపు ఎంఆర్ టీకా, పీసీవీ బూస్టర్, పోలియో ఇంజెక్షన్ మూడో డోసు, విటమిన్ ఎ ద్రావణం పడాలి. ఎంఆర్ అంటే తట్టుకూ రుబెల్లాకూ కలిపి వేసేది. తట్టు వస్తే ‘అమ్మవారు, దానంతట అదే పోతుంది’ అని వేపాకులు కట్టి ఊరుకున్న రోజులు మన ఇళ్లల్లో ఉన్నాయి. ఆ జబ్బుకు నిమోనియా తోడై పిల్లలు ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు. ఈ టీకా తర్వాత జ్వరం, ఎర్రటి పొక్కులు వస్తే వెంటనే కాదు, వారం పది రోజులకు వస్తాయి.

ఏడాదిన్నర ప్రాంతంలో, అంటే 16 నుంచి 24 నెలల మధ్య, ఎంఆర్ రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు కలిపి వేసేది) బూస్టర్, పోలియో చుక్కలు. విటమిన్ ఎ ఆరు నెలలకోసారి చొప్పున అయిదేళ్లు వచ్చేదాకా మొత్తం 9 సార్లు. మెదడువాపు రాకుండా వేసే జేఈ టీకా ముప్పు ఎక్కువున్న జిల్లాల్లోనే ఇస్తారు, మీ జిల్లాలో ఉందో లేదో అడగండి. అయిదారేళ్లకు డీపీటీ రెండో బూస్టర్, పదేళ్లకూ పదహారేళ్లకూ టీడీ (ధనుర్వాతానికీ కంఠసర్పికీ కలిపి వేసేది). పిల్లాడు బడికి వెళ్తున్నాడు కదా, ఇంకేం టీకాలులే అనుకుంటారు గాని, కంఠసర్పి నుంచి చిన్నప్పటి డోసులిచ్చిన రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. బూస్టర్లు వేసేది అందుకే.

ప్రైవేటులో టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ఆటలమ్మ లాంటివి అదనంగా వేస్తారు. స్తోమత ఉంటే పిల్లల డాక్టరును అడిగి వేయించండి. ఎక్కడ వేయించినా అన్నీ ఒకే కార్డులో రాయించాలి.

7. ఒక డోసు తప్పిపోతే

మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. ఆగినచోటు నుంచే కొనసాగిస్తారు. తిడతారేమోనని మొహం చాటేయకండి.

పెంటా, రోటా మొదలుపెట్టడానికి ఏడాది నిండేవరకు వీలుంది. ఏడాదిలోపు ఒక్క డోసు పడినా మిగతావి ఆ తర్వాత పూర్తిచేయొచ్చు. ఏడాది దాటినా పెంటా అసలు పడని బిడ్డకు డీపీటీ వేస్తారు, అది ఏడేళ్ల వరకు వేయొచ్చు. ఎంఆర్, పోలియో చుక్కలకు అయిదేళ్ల దాకా గడువు. కార్డు పోయి ఉంటే పుట్టింటి ఏఎన్ఎం రిజిస్టరులోనూ యూ-విన్‌లోనూ వెతికిస్తే పాత డోసులు చాలావరకు దొరుకుతాయి. రెండు చోట్లా దొరకని డోసు పడిందో లేదో ఏఎన్ఎం గాని పీహెచ్‌సీ డాక్టరు గాని తేలుస్తారు, అవసరమైతే మళ్లీ వేస్తారు. కొత్త కార్డు రాయించుకుని, ఆ రోజే తర్వాతి తేదీ వేయించుకుని రండి.