మడత చాకు సతాయిస్తోందా? తప్పు చాకుదా, ఎంపికదా?

జేబులో పెట్టుకు తిరిగే మడత చాకు కొన్న కొన్నాళ్లకు వినిపించే మాటలు దాదాపు ఒకటే. పదును ఆగట్లేదు, వేలు తెగింది, తుప్పు పట్టింది, బరువుగా ఉందని ఇంట్లోనే వదిలేస్తున్నాను. వీటిలో కొన్ని సానబెడితే పోతాయి, కొన్నిటికి ఒక చుక్క నూనె చాలు. మిగతావి కొన్నప్పుడే జరిగిన పొరపాట్లు. వాటికి మరమ్మతు లేదు, చాకు మార్చుకోవాల్సిందే. ఇంకా కొననివాళ్లు ఏ ఇబ్బంది తమకు రాకూడదో చూసుకుని దాన్నిబట్టి ఎంచుకోవచ్చు.

కాగితం కోస్తుంది, కాయ మాత్రం కోయదు

అందరూ స్టీలును తిట్టేది ఇక్కడే. కొత్త చాకు కాగితాన్ని సర్రున చీలుస్తుంది. అదే చాకుతో పచ్చి మామిడికాయ కోయబోతే సగం దాకా దిగి ఆగిపోతుంది. ఇంకాస్త నొక్కితే టప్‌మని కాయ రెండు చెక్కలవుతుంది. ఆ చెక్కను తిప్పి చూడండి. పైభాగం నున్నగా, కింది భాగం గరుకుగా ఉంటుంది. నున్నగా ఉన్నంత మేరే చాకు కోసింది, మిగతాది పగలగొట్టింది.

కారణం పదును కాదు, మందం. బ్లేడు వెన్ను (పదును లేని పై అంచు) మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లుండి, అంచు దాకా లావుగానే వస్తే ఎంత సానబెట్టినా అంతే. ఫొటోలో దిట్టంగా కనిపించే చాకులు చాలావరకు ఈ రకమే. పదును కోణం ఒక్కో వైపు 20 డిగ్రీల నుంచి 15కి తగ్గిస్తే కొంత నయం, పూర్తిగా బాగుపడదు.

కొనేటప్పుడే వెన్ను మందం రెండు మిల్లీమీటర్లకు అటూఇటూగా, వెన్ను నుంచి అంచు దాకా క్రమంగా పలచబడేది చూసుకోండి. ఫ్రాన్స్‌లో 1890లో మొదలైన ఒపినెల్, స్విట్జర్లాండ్‌లో 1891 నుంచి సైనికులకు చాకులిచ్చిన విక్టోరినాక్స్ ఇప్పటికీ పలచటి బ్లేడే పెడుతున్నాయి. రొట్టె, పళ్లు, తాళ్లు కోసుకునేవాళ్ల కోసం పుట్టిన చాకులవి. మన రోజువారీ పనీ అదే. అయితే పలచటి బ్లేడుతో రంగు డబ్బా మూత పెకలించకండి, మొన విరుగుతుంది. దానికి స్క్రూడ్రైవర్ ఉంది.

పెట్టిన పదును రెండు రోజులు ఆగట్లేదు

ముందు దేని మీద పెట్టి కోస్తున్నారో చూడండి. వంటింటి గ్రానైట్ గట్టు, స్టీలు పళ్లెం, పింగాణీ ప్లేటు, ఇవి మూడూ పదునుకు శత్రువులు. అంచు ఒక్కసారి గట్టిగా తగిలినా ఆ మేర మొద్దుబారుతుంది. చెక్క పలక మీద కోయండి. పార్సిల్ అట్టల్లో ఉండే ఇసుక రేణువులు కూడా అంచును అరగదీస్తాయి. రోజూ అట్టపెట్టెలు కోసేవాళ్లు ఆ పనికి బ్లేడు మార్చుకునే చవక కట్టర్ వాడితే చాకు బతుకుతుంది.

రెండో కారణం సగంలో ఆపేసిన సాన. అంచుకు రెండు వైపులా మార్కర్‌తో నల్లగా పూసి, రాయి మీద నాలుగైదు సార్లు లాగి చూడండి. నలుపు పైన మాత్రమే పోయి అంచు దగ్గర మిగిలితే మీరు చాకును మరీ పడుకోబెట్టి లాగుతున్నట్టు. కొస అంచున మాత్రమే పోతే మరీ నిలబెట్టినట్టు. మొత్తం పోతే కోణం కుదిరింది. అలా ఒక వైపు రుద్దుతూ పోతే అవతలి వైపు సన్నటి గరుకు లేస్తుంది. వేలికొసతో వెన్ను నుంచి అంచు బయటికి మెల్లగా జారిస్తే తెలుస్తుంది. పిడి దగ్గర నుంచి మొన దాకా ఆ గరుకు తగిలాకే వైపు మార్చాలి. చివర్లో బరువు వేయకుండా అటొకసారి ఇటొకసారి లాగి, పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెన్ను ముందుగా లాగితే గరుకు రాలిపోతుంది. గరుకు మిగిలిపోయిన చాకు మొదటి రోజు బ్రహ్మాండంగా కోసి, రెండో రోజుకు మొండికేస్తుంది. వెయ్యి గ్రిట్ (రాయి నునుపును చెప్పే అంకె) రాయి ఒక్కటి ఈ పనికి చాలు. వేగంగా తిరిగే సానచక్రానికి ఇవ్వకండి. వేడికి అంచు నీలిరంగు తిరిగితే అక్కడ గట్టిదనం పోయినట్టే.

స్టీలు మాట మూడోది. విక్టోరినాక్స్ స్టీలు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో సుమారు 56. ఎస్30వీ లాంటి గట్టి స్టీళ్లు 58 నుంచి 61 దాకా ఉంటాయి. వాటికి పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, పోయాక మాత్రం మామూలు రాయికి తేలిగ్గా లొంగదు, డైమండ్ పలక ఉంటే మేలు. మొదటి చాకుకు మెత్తటి స్టీలే మంచిదని నా అభిప్రాయం. మెత్తటిదైతే పదును పెట్టడం చేతికి వస్తుంది.

పని మధ్యలో వేళ్ల మీదికి మడుచుకుంటోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ముందు మీ చాకుకు లాక్ ఉందో లేదో చూడండి. విక్టోరినాక్స్ లాంటి మామూలు స్విస్ చాకులకు ఉండదు, స్ప్రింగు బిగువే బ్లేడును ఆపుతుంది. వాటి మొనతో అట్టనో తోలునో పొడిస్తే బలం వెన్ను వైపు తిరిగి బ్లేడు మూసుకుంటుంది. తప్పు చాకుది కాదు. చాలా స్విస్ చాకుల వెనక చిన్న దబ్బనం ఉంటుంది. కన్నం పెట్టడానికి అది వాడండి, వేళ్లు మాత్రం అది మడుచుకునే దారిలో ఉంచకండి. తరచూ పొడిచే పనుంటే లాక్ ఉన్నది కొనాలి.

లాక్ ఉండీ జారుతుంటే తెరిచి వెలుతురులో పిడి లోపలికి చూడండి. లైనర్ లాక్ అయితే పలచటి లోహపు రేకు బ్లేడు మడమ (పిడి వైపు కొస) వెనక్కి వచ్చి ఆనుకోవాలి. అది అంచుకే తగిలి ఆగిపోతుంటే చాలాసార్లు జేబులోని నూలుపోగులూ దుమ్మే అడ్డం. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, స్పిరిట్‌తో తుడిచి, మళ్లీ తెరిచి చూడండి. రేకు పూర్తిగా అవతలి వైపుకు వెళ్లిపోతుంటే అరిగిపోయింది. శుభ్రం చేశాక కూడా జారే చాకును అమ్మినవాళ్లకు తిరిగివ్వండి, లేదా పక్కన పడేయండి. ఒపినెల్‌కు 1955 నుంచి ఉన్న తిరిగే రింగు అన్నిటికంటే సరళం. కాకపోతే తెరిచాక రింగు తిప్పడం మరిచిపోకూడదు.

బ్లేడు పక్కకు ఊగుతుంటే, అది తిరిగే ఇరుసుకు స్క్రూ ఉన్న చాకైతే దాన్ని కొద్దిగా బిగిస్తే సరిపోతుంది.

తుప్పు, నల్లమచ్చలు

కార్బన్ స్టీలు (స్టెయిన్‌లెస్ కానిది) చాకుతో మామిడి, నిమ్మ కోస్తే బ్లేడు నల్లబడుతుంది. ఆ నలుపు హాని చేయదు, పైగా కొంత కాపాడుతుంది. ఎర్రగా పొడి రాలితే మాత్రం తుప్పే. డీ2 అనే స్టీలు స్టెయిన్‌లెస్ అనుకుని కొనేవాళ్లు చాలామంది. అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో, చెమట పట్టిన జేబులో త్వరగా మచ్చలు పడుతుంది. అక్కడ 12సీ27, 14సీ28ఎన్ లాంటి స్టెయిన్‌లెస్ ఎంచుకోండి. పని కాగానే కడిగి, తుడిచి, ఆరాకే మడవండి.

తెరవాలంటే గోరు విరుగుతోంది

స్విస్ చాకు అయితే కీలులో మురికి. గోరువెచ్చటి నీళ్లలో తెరుస్తూ మూస్తూ కడిగి, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురు కడుతుంది. కొయ్యపిడి ఒపినెల్ వానాకాలంలో బిగుసుకుంటే కారణం తేమకు ఉబ్బిన చెక్క. మూసి ఉన్న చాకు రింగు వదులు చేసి, పిడి వెనక కొసను బల్లకేసి తడితే మొన బయటికి వస్తుంది. నీడలో ఆరబెట్టి, గాడి లోపల గరుకు కాగితంతో కొద్దిగా రుద్దండి.

కొన్నాను కానీ జేబులో పెట్టుకోవట్లేదు

బరువు చూడండి. బక్ 110 మంచి చాకే, కానీ 200 గ్రాములుంటుంది, అది బెల్టుకు తగిలించుకునేది. తాళాల గుత్తికి వేలాడే విక్టోరినాక్స్ క్లాసిక్ 20 గ్రాముల పైచిలుకు, అదే కంపెనీది, మడిచినప్పుడు 91 మిల్లీమీటర్లుండే స్పార్టన్ 60 గ్రాములు. లుంగీకీ పలచటి ప్యాంటుకూ ఈ రెండే నప్పుతాయి.

తనిఖీ దగ్గర ఆపేశారు

మన దేశంలో 2016 ఆయుధ నియమాలు బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవు లేదా 2 అంగుళాలకు మించి వెడల్పున్న కత్తులను ఆయుధాల జాబితాలో పెట్టాయి, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి తప్ప. జేబు చాకు అందులోకి రాదు. అయినా బటన్ నొక్కితే తెరుచుకునేది కొనకండి. ఢిల్లీలో వాటి మీద విడిగా నోటిఫికేషన్ ఉంది. ఎన్నికలప్పుడు పోలీసు ఆంక్షలుంటే ఇంట్లో పెట్టండి. మెట్రోలోకి, కోర్టుల్లోకి తీసుకెళ్లవద్దు. విమానంలో చేతి సంచిలో దొరికితే వదులుకోవాల్సిందే, చెక్-ఇన్ లగేజీలో వేయండి.

బ్రిటన్‌లో ఉండే మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సరైన కారణం చూపకుండా బయట పట్టుకు తిరగగలిగేది పదును అంచు 3 అంగుళాలు మించని, లాక్ లేని మడత చాకు మాత్రమే. లాక్ ఉన్న ఒపినెల్ అక్కడ ఆ మినహాయింపు కిందికి రాదు. అమెరికాలో రాష్ట్రానికో రూలు. టెక్సస్‌లో బ్లేడు ఐదున్నర అంగుళాలు దాటితే కొన్ని చోట్లకు తీసుకెళ్లకూడదు. అందుకే అక్కడున్న బంధువుకు చాకు పంపేముందు అతను ఏ రాష్ట్రంలో ఉన్నాడో అడిగి, అక్కడి నియమం చూసి కొనండి.