ఫ్లేమ్‌ప్రూఫ్ లైట్లలో లోపాలు: సమస్య, కారణం, పరిష్కారం

మండే గ్యాస్, సాల్వెంట్ ఆవిరి, ధూళి ఉండే చోట లైటు ఆగిపోతే సాధారణంగా ఏం చేస్తాం? స్టోర్స్‌లో ఉన్న ఇంకో ఫిట్టింగ్ తెచ్చి బిగించేస్తాం. లైటు వెలుగుతుంది, కానీ మొదటిది ఎందుకు పోయిందో ఎవరూ పట్టించుకోరు. ఇలాంటి చోట్ల లైటులో కనిపించే లోపం చాలాసార్లు ఎంపికలోనో బిగింపులోనో జరిగిన తప్పును బయటపెడుతుంది. అందుకే మార్చే ముందు కారణం వెతకాలి.

ఏ పనికైనా ముందు సప్లై ఆపి లాక్ వేయండి, గ్యాస్ టెస్ట్ చేయించండి, పర్మిట్ తీసుకోండి. ఎమర్జెన్సీ బ్యాటరీ ఉన్న ఫిట్టింగ్‌లో మెయిన్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది. మూత మీద "ఇన్ని నిమిషాలు ఆగి తెరవండి" అని రాసి ఉంటే అంతసేపూ ఆగాల్సిందే.

సమస్య: లైటు బాగానే వెలుగుతోంది, కానీ తనిఖీలో "ఇది ఇక్కడ పనికిరాదు" అన్నారు

ఎక్కువగా కనిపించే కారణం ఐపీ66 చూసి కొనేయడం. ఐపీ రేటింగ్ చెప్పేది నీళ్లు, ధూళి లోపలికి పోవని మాత్రమే. అది ఒక్కటే పేలుడు నుంచి రక్షణ ఇవ్వదు. నేమ్‌ప్లేట్ మీద ఈఎక్స్ (Ex) గుర్తు, అంటే పేలుడు ప్రమాదం ఉన్న చోట వాడదగినదని చెప్పే గుర్తు ఉండాలి, ఆ తర్వాత వచ్చే ప్రతి అక్షరమూ మీ చోటికి సరిపోవాలి.

ఒక ప్లేట్ చదివి చూద్దాం: "ఈఎక్స్ డీబీ టూసీ టీ5 జీబీ, టీఏ మైనస్ 20 నుంచి ప్లస్ 55" (ప్లేట్ మీద Ex db IIC T5 Gb, Ta అని ఉంటుంది). డీబీ అంటే ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె, లోపల పేలుడు జరిగినా బయటి గ్యాస్‌ను అంటించనిది. టూసీ అనేది గ్యాస్ గ్రూపు, అంటే ఏ రకం గ్యాస్‌లున్న చోట పనికొస్తుందో చెప్పేది. టీ5 అనేది టీ క్లాసు: ఉపరితలం వేడి 100 డిగ్రీలు దాటదు. టీ1 నుంచి టీ6 వరకు అంకె పెరిగేకొద్దీ ఈ పరిమితి తగ్గుతుంది. జీబీ అంటే జోన్ 1 (మామూలు పనిలో అప్పుడప్పుడు గ్యాస్ ఉండే చోటు), జోన్ 2 (అరుదుగా, కాసేపే ఉండే చోటు) రెండింటికీ పనికొస్తుంది, జోన్ 0కి (ఎప్పుడూ గ్యాస్ ఉండే చోటుకి) మాత్రం పనికిరాదు. చివరిది చుట్టూ ఉండే గాలి ఉష్ణోగ్రత పరిమితి.

గ్యాస్ గ్రూపు, టీ క్లాసు ఒకదాన్ని బట్టి ఒకటి వస్తాయనుకోవడం పెద్ద పొరపాటు. హైడ్రోజన్‌కు అన్నిటికంటే కఠినమైన టూసీ గ్రూపు కావాలి, కానీ అది తనంతట తాను అంటుకోవాలంటే 500 డిగ్రీలు దాటాలి కాబట్టి టీ1 చాలు. డైఇథైల్ ఈథర్‌కు టూబీ గ్రూపు సరిపోతుంది, కానీ అది 200 డిగ్రీల లోపే అంటుకుంటుంది, టీ4 తప్పనిసరి. బ్యాటరీలు చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆ చార్జింగ్ గదిలో టూబీ లైటు కనిపిస్తే, అది టీ6 అయినా సరే, మార్చేయండి.

సర్టిఫికెట్ నంబరు చివర ఎక్స్ అక్షరం ఉంటే ప్రత్యేక షరతులు ఉన్నాయని అర్థం. ఆ షరతులు ప్లేట్ మీద ఉండకపోవచ్చు, సర్టిఫికెట్ తెప్పించుకుని చదవండి. ప్లాస్టిక్ కవర్ ఉన్న వాటికి స్టాటిక్ చార్జి షరతు మామూలే: పొడి గుడ్డతో తుడవకూడదు, తడి గుడ్డే వాడాలి.

సమస్య: డ్రైవర్లు మాటిమాటికీ కాలిపోతున్నాయి

డ్రైవర్ అంటే ఎల్ఈడీకి కావాల్సినట్టు కరెంటును మార్చి ఇచ్చే సర్క్యూట్. అది పోతుంటే ముందుగా అనుమానించాల్సింది వేడినే. ప్లేట్ మీద టీఏ రాయకపోతే ఆ లైటు మైనస్ 20 నుంచి 40 డిగ్రీల మధ్య వాడకానికే సర్టిఫై అయినట్టు. పైకప్పు కింద, వేడి పైపుల పక్కన గాలి అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. అక్కడ డ్రైవర్ తొందరగా పోవడం చిన్న నష్టం. అసలు ప్రమాదం ఏమిటంటే పరిమితి దాటిన క్షణం నుంచి ప్లేట్ మీది టీ క్లాసుకు హామీ ఉండదు.

పరిష్కారం: కింద నిలబడి చూసే థర్మామీటర్ రీడింగ్ చాలదు. లైటు ఉన్న ఎత్తులో, రోజులో బాగా వేడిగా ఉండే వేళ కొలవండి. దానికంటే ఎక్కువ టీఏ ఉన్న ఫిట్టింగ్ తీసుకోండి. ఒకే మోడల్ 40 డిగ్రీల దగ్గర టీ6, 55 దగ్గర టీ5 కావచ్చు, కాబట్టి మీ ఉష్ణోగ్రతకు రాసిన క్లాసునే చూడాలి. పాత ల్యాంపు ఫిట్టింగ్‌లలో ఎక్కువ వాట్ల బల్బు పెట్టినా ఇదే సమస్య వస్తుంది.

వేడి పరిమితిలోనే ఉన్నా డ్రైవర్లు పోతుంటే వోల్టేజ్ సర్జ్‌లు, కంపనం చూడండి.

సమస్య: ఫిట్టింగ్ మీద ధూళి పేరుకుంటోంది, ముట్టుకుంటే కాలుతోంది

పిండి, చక్కెర, బొగ్గు, కొన్ని లోహాల పొడులు అన్నీ మండేవే. ధూళి పొర వేడిని బయటికి పోనివ్వదు. లెక్క ఇలా ఉంటుంది: గాలిలో ఎగిరే ధూళి అంటుకునే ఉష్ణోగ్రతలో మూడింట రెండు వంతులు ఒక పరిమితి. 5 మిల్లీమీటర్ల పొర అంటుకునే ఉష్ణోగ్రతలోంచి 75 తీసేస్తే ఇంకో పరిమితి. రెండిటిలో ఏది తక్కువైతే లైటు ఉపరితలం దాన్ని దాటకూడదు. ఉదాహరణకు ఎగిరే ధూళి 390 దగ్గర, పొర 300 దగ్గర అంటుకుంటాయనుకుంటే, పరిమితులు 260, 225. లెక్కలోకి వచ్చేది 225. పొర 5 మిల్లీమీటర్లు దాటితే ఈ లెక్క కూడా చెల్లదు.

పైభాగం వాలుగా ఉన్న ఫిట్టింగ్ ఎంచుకుని, శుభ్రం చేయడానికి తేదీలు పెట్టండి. కంప్రెస్డ్ గాలితో మాత్రం ఊదకండి, పేరుకున్న పొర అంతా ఒక్కసారిగా మేఘంలా లేస్తుంది.

సమస్య: గాజు లోపల చెమ్మ, లేదా బ్రేకర్ ట్రిప్ అవుతోంది

లైటు ఆరినప్పుడు లోపలి గాలి చల్లబడి కుంచించుకుని, బయటి తేమను లోపలికి లాక్కుంటుంది. కేబుల్ సైజుకు సరిపోని గ్లాండ్ (కేబుల్ పెట్టెలోకి వెళ్లే చోట బిగించే భాగం), వాడని రంధ్రానికి పెట్టిన ప్లాస్టిక్ మూత, గట్టిపడిన గాస్కెట్ ఉంటే నీళ్లు ఇంకా సులువుగా చేరతాయి.

ఇక్కడ చాలామంది సిలికాన్ సీలెంట్ పూసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె గాలి చొరకుండా మూసేసినది కాదు. గ్యాస్ లోపలికి పోవచ్చు, లోపల పేలుడు కూడా జరగవచ్చు. ఆ వేడి వాయువు మూత, పెట్టె మధ్య ఉన్న సన్నని సందులోంచి వస్తూ చల్లారి, బయటి గ్యాస్‌ను అంటించలేకపోవాలి. రక్షణంతా ఆ సందులోనే ఉంది. అక్కడ సీలెంట్, పెయింట్, తుప్పు, గీతలు ఏవీ ఉండకూడదు. బోల్టుల్లో ఒక్కటి లేకపోయినా రక్షణ పోయినట్టే.

సర్టిఫై అయిన గ్లాండ్, మెటల్ ప్లగ్, బ్రీదర్ డ్రెయిన్ (లోపలి తేమను బయటికి పంపే అమరిక) వాడండి. తయారీదారు అనుమతించిన గట్టిపడని గ్రీజు పలచగా రాయవచ్చు. నీళ్లు పోవడానికి సొంతంగా రంధ్రం వేస్తే ఆ సర్టిఫికెట్ ఇక చెల్లదు. బ్రేకర్ ట్రిప్‌కు కారణం వెతకడానికి మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) పెట్టేటప్పుడు అది కూడా నిప్పురవ్వ పుట్టించగలదని మరిచిపోవద్దు. గ్యాస్ లేదని నిర్ధారించుకుని, డ్రైవర్ వైర్లు విడదీశాకే టెస్ట్ చేయాలి.

సమస్య: తిరుగుతున్న యంత్రం ఆగినట్టు కనిపిస్తోంది

డ్రైవర్ నాసిరకమైతే వెలుగు కంటికి తెలియకుండా మినుకుతుంది (దీన్నే ఫ్లికర్ అంటారు). ఆ మినుకు యంత్రం తిరిగే వేగంతో కలిస్తే అది ఆగినట్టు కనిపిస్తుంది. ఫ్లికర్ తక్కువ ఉన్న డ్రైవర్ వేయండి.

సమస్య: లైట్లున్నా మనుషులు టార్చ్ తెచ్చుకుంటున్నారు

ఇది నన్ను అన్నిటికంటే కంగారు పెట్టే లక్షణం. మామూలు టార్చ్, ఫోన్ లైటు లోపలికి వచ్చాయంటే ఇప్పటిదాకా తీసుకున్న జాగ్రత్తంతా వృథా. కారణం సాధారణంగా లేఅవుట్‌లో ఉంటుంది. నడిచే దారిలో వెలుగు పడి, గేజ్, వాల్వ్, శాంపిల్ పాయింట్ నీడలో ఉండిపోతాయి. మనిషి చేయి పెట్టే చోట లక్స్ మీటర్ (వెలుగు కొలిచే పరికరం) పెట్టి కొలిచి, లైటును అటు జరపండి లేదా ఇంకొకటి కలపండి. మబ్బుపట్టిన కవర్లు మార్చండి. ట్యాంకు లోపల జోన్ 0 అయితే సైట్ గ్లాస్ గుండా బయటి నుంచి వెలుగు పంపడం మంచిది. కుదరకపోతే జీఏ (Ga, జోన్ 0కి పనికొచ్చేది) అని రాసి ఉన్న హ్యాండ్ ల్యాంప్ మాత్రమే ఇవ్వండి, దాని బ్యాటరీని బయట సురక్షిత ప్రాంతంలోనే మార్చేలా చూడండి.